వేపచెట్టు చుట్టూ మేష్టారు

మనిషి ఏ పనీ లేకుండా, ఏ ఊరికీ పోకుండా, ఊరికే నడవడం కూడా ఒక పనేనని ఆ వేసవి దాకా నాకు తెలియదు. ఇప్పటికైనా తెలిసిందా అంటే గట్టిగా చెప్పలేను.

గోదావరి మీద రైలు వంతెనకు స్తంభాలు లేస్తున్న రోజులవి. రాజమహేంద్రవరంలో ఎటు చూసినా రాళ్ల బళ్లు, సున్నపు దుమ్ము, ముక్కూమొహం తెలియని మనుషులు. ఆ సందడిలోనే మునిసిపాలిటీ వాళ్లు ఏటిగట్టుకు ఇవతల ఉన్న పాత సంతబయలు చుట్టూ ఇనుప కంచె వేయించారు. ఎర్రకంకర బాటలు పోసి, గన్నేరు మొక్కలు నాటి, రెండు రాతి బల్లలు వేసి దాన్ని తోట అన్నారు. తోటంటే మామిడో జామో ఉండాలి కదా. ఇందులో కోసుకు తినడానికి కాయ లేదు, ఉన్న పువ్వు కోయకూడదు. మరి లోపలికి వెళ్లి ఏం చెయ్యాలయ్యా అంటే గేటు కావలి ముసలయ్యకే తెలియదు. "ఏం చెయ్యకూడదో బోర్డు మీద రాయించారండి. ఏం చెయ్యాలో మట్టుకు రాయించలేదు" అనేవాడు. పాపం అతని తప్పేముంది.

మా ఆయన జీవరాజు మేష్టారు మిషను బళ్లో లెక్కలు చెప్పేవారు. మా అత్తమామల నాటినుంచీ మేం క్రైస్తవులం. బడి వెనక రెండు గదుల పెంకుటిల్లు సంఘం వాళ్లిచ్చిందే. పిల్లలు లేరు. పుట్టారు, నిలవలేదు. ఆ సంగతి మేమిద్దరం మాట్లాడుకునేవాళ్లం కాదు. ఆ మాటకొస్తే ఏ సంగతీ మాట్లాడుకునేవాళ్లం కాదు. పగలంతా బళ్లో గొంతు చించుకుని వచ్చిన మనిషి ఇంట్లో నోరు విప్పేవారు కాదు. ఆయన మాటలు, నా మాటలు కలిపి నేనే మాట్లాడేసేదాన్ని.

ఆ ఏడు చలి తగ్గేసరికి ఆయనకు దాహం పట్టుకుంది. చెంబుల కొద్దీ నీళ్లు తాగేవారు, చెంబుల కొద్దీ బయటికి పోయేది. మనిషి సగమైపోయారు. ఆసుపత్రి డాక్టరు చంద్రరావుగారు చూసి ఇది అతిమూత్ర వ్యాధి అని తేల్చారు. బెల్లం మానమన్నారు, అన్నం తగ్గించమన్నారు, రోజూ తెల్లవారుజామున చెమట పట్టేలా నడవమన్నారు. మరి మందేదండీ అని తలుపు చాటునుంచి నేనడిగితే, నడకే మందమ్మా అన్నారు. నాకు ఒళ్లు మండింది. నడకే మందైతే, రోజూ తల మీద చేపల గంప పెట్టుకుని ఊరంతా తిరిగే మా మరిడమ్మకి జబ్బే రాకూడదు. దానికి రాని జబ్బు లేదు.

అయినా డాక్టరు మాట కదా అని మొదటిరోజు వీధిలోనే నడవబోయారు. మా వీధిలో మనిషి పొద్దున్నే బయలుదేరితే ఎక్కడికండీ అని అడగకుండా ఎవరూ వదలరు. ఎక్కడికీ లేదంటే నమ్మరు. ఏదో చెప్పకూడని పని మీద పోతున్నారనుకుని ఇంకా వెంటపడతారు. ఒకాయన అరుగు మీద కూర్చోబెట్టి కాఫీ పోశారు, బెల్లం కాఫీ. మందు కోసం వెళ్లిన మనిషి విషం తాగి వచ్చారు. గట్టు మీద నడుద్దామంటే రాళ్ల బళ్లు, కూలీలు. చివరికి డాక్టరుగారే, తోటకి వెళ్లండి, అక్కడ అడిగేవాళ్లు ఎవరూ ఉండరు అన్నారు.

తోట నడిమధ్యలో సంత రోజులనాటి వేపచెట్టు ఒకటి ఉంది. దాన్ని కొట్టడానికి మనసొప్పక మునిసిపాలిటీ వాళ్లు దాని చుట్టూ గుండ్రంగా బాట వేశారు. మా ఆయన ఆ బాట పట్టుకున్నారు.

ఆయన వెళ్లడం, రావడం తప్ప అక్కడేం చేస్తున్నారో మొదట్లో నేను పట్టించుకోలేదు. పదిహేను రోజులు తిరిగేసరికి దాహం తగ్గింది, మొహంలో కళ వచ్చింది. కాని చిత్రంగా కొత్త అలవాట్లు పట్టుకున్నాయి. చెప్పులు ఇంట్లోనే వదిలేసి పోతున్నారు. చుట్టు లెక్క తప్పకుండా గుప్పెడు చింతపిక్కలు పట్టుకుపోతున్నారు. రాగిచెంబుతో నీళ్లు సరేసరి. అన్నిటికన్నా వింత, ఇంటికొచ్చి మాట్లాడుతున్నారు. అది కూడా ఒకటే మాట. పిట్ట.

వేపచెట్టుకి ఎండిన కొమ్మ ఒకటి ఉందట. ఆ కొమ్మ అడుగున కంసాలి పిట్ట ముక్కుతో పొడిచి పొడిచి గుండ్రంగా తొర్ర చేసిందట. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం కంసాలి సుత్తిదెబ్బలా టంగుటంగుమని కూస్తుందే, ఆ పిట్ట. అది ఆడో మగో తెలియడం లేదట, ఇద్దరూ ఒకేలా ఉంటారట. ఇద్దరూ వంతులేసుకుని తొర్రలోకి పోతున్నారట. గుడ్లు పెట్టినట్టున్నారట. మనుషుల్ని గురించి చెప్పినట్టు 'పెట్టినట్టున్నారు' అన్నారాయన. నేను విస్తుపోయి విన్నాను. ఇంతకాలం ఇన్ని మాటలు నా గురించి ఎవరితోనైనా చెప్పారా ఈయన, అని నాకు ఆ పిట్ట మీద అసూయ కూడా కలిగింది.

ఈస్టరుకి ముందొచ్చే మట్టలాదివారం ఇంకా చాలా దూరం ఉందనగా ఒకరోజు మరిడమ్మ గంప దించుతూ నాకేసి కొత్తగా చూసింది. ఎప్పుడూ లేనిది మంచి చేపలు ఏరి చేటలో వేసింది. ఏంటే సంగతి అన్నాను.

"మీ మేష్టారికి అమ్మవారు కలలో కనపడిందంట కదండి" అంది.

నా చేతిలో చేట అలాగే ఉండిపోయింది. ఎవరు చెప్పారే అంటే, ఎవరో చెప్పేదేంటండి, ఊరంతా చూస్తున్నాం కదా అంది. తెల్లారకుండా చెప్పుల్లేకుండా వస్తున్నారు. చెంబుతో నీళ్లు తెస్తున్నారు. చింతపిక్కలతో లెక్కపెట్టుకుంటూ, నోట మాట లేకుండా చెట్టు చుట్టూ తిరుగుతున్నారు. ప్రతి చుట్టులోనూ ఒక్కచోటే ఆగి, చెయ్యి నుదుటికి పెట్టి పైకి చూస్తున్నారు. వెళ్లేటప్పుడు చెంబులో నీళ్లు చెట్టు మొదట్లో పోస్తున్నారు. చీపురుపుల్లలా ఉన్న మనిషి మళ్లీ నిలబడ్డారు. ఇన్ని కళ్లముందు కనపడుతుంటే ఇంక వేరే చెప్పాలా అంది. అది పిట్ట గూడు కోసమే అని నేను అరిచి చెప్పాను. అదింకా తప్పయింది.

"ఆయ్, ఆ పిట్టనే చూశాంగా. నుదుట కుంకం, గొంతుకి పసుపు. ఇంక అమ్మవారు కాదంటే ఎలాగండి?"

నిజంగానే ఆ పిట్టకి నుదుట ఎర్రగా, గొంతుకింద పచ్చగా ఉంటుందట. 

అప్పటికే జాలరిపేట ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని మా ఆయన వెనకాలే చుట్లు తిరుగుతున్నారట. మరిడమ్మ మనవడికి నెలరోజులుగా జ్వరం. వాణ్ణెత్తుకుని అది కూడా తిరుగుతోంది. చెట్టుకి పసుపుతాడు కట్టారు. ముసలయ్య, కట్టకూడదని బోర్డు మీద రాయలేదు కాబట్టి ఊరుకున్నాడు. సాయంత్రం మా ఆయన్ని నిలదీస్తే, అవును, వెనకాల ఎవరో నడుస్తున్నట్టు అలికిడి అవుతోంది, నేను తిరిగి చూడలేదు, చూస్తే పిట్ట బెదురుతుంది అన్నారు.

ఇలాంటి సంగతి మా ప్రార్థన గుడిదాకా రాకుండా ఉంటుందా? మా మిషను దొరగారు ఎండలకి కొండమీదికి వెళ్లారు. ఆయన లేనప్పుడు సంఘానికి పెద్ద అబ్రహాముగారు. మంచి మనిషి, నిప్పులాంటి మనిషి, నవ్వడం ఎలాగో మరిచిపోయిన మనిషి. ఆదివారం ఆరాధన అయ్యాక మమ్మల్ని ఉండమన్నారు. నేను స్త్రీల వైపు చివరి బల్ల మీద కూర్చున్నాను.

"మేష్టారూ, మీరు వేపచెట్టు చుట్టూ తిరుగుతున్న మాట నిజమేనా?"

"నిజమేనండి."

"చెప్పులు విడిచి?"

"అవునండి."

"చెట్టుకి నీళ్లు పోస్తున్నారా?"

"తాగగా మిగిలినవి పోస్తున్నానండి."

"ఆగి, పైకి చూస్తున్నారా?"

"చూస్తున్నానండి."

"ఇంక నేను అడగవలసిందేముంది?" అన్నారు అబ్రహాముగారు. ఆయన గొంతులో కోపం లేదు, దిగులుంది. మా ఆయన డాక్టరు మాట చెప్పారు. ఆ డాక్టరు మన సంఘం వాడు కాదు కదా, ప్రదక్షిణాలు చెయ్యమనక ఏం చెప్తాడు అన్నారు అబ్రహాముగారు. మా ఆయన పిట్ట మాట చెప్పారు. మేష్టారూ, చేప పడితే తింటారు, కోడి పెంచితే తింటారు, చెట్టు మీది పిట్టని చూసి ఏం చేస్తారు అన్నారు.   న్యాయం చెప్పొద్దూ, ఆ రోజు అబ్రహాముగారి వైపే సబబుగా ఉందనిపించింది నాకు.

సంగతి ఇలాగే ఉంటే ఈస్టరునాడు మా ఆయనకి ప్రభు భోజనం, గుళ్లో అందరికీ పంచే ఆ రొట్టె, ఇవ్వడానికి వీల్లేదన్నారు. ప్రభువు బల్ల దగ్గరికి రానివ్వని మనిషి చేత బళ్లో పిల్లలకి చదువు చెప్పించరు. బడి పోతే ఇల్లు ఖాళీ చెయ్యాలి. ఆ మాట ఆయన అనలేదు, అక్కర్లేదు కూడా. నడక మానేస్తే మనిషి పోతారు, మానకపోతే ఇల్లు పోతుంది. 

పోనీ తోటలో అంచు బాట ఉంది కదా, అటు తిరగండి అన్నాను ఇంటికొచ్చాక. అక్కణ్ణుంచి గూడు కనపడదన్నారు. గుడ్లు పగిలి పిల్లలు బయటపడ్డాయట. పెద్దపిట్టలు మర్రిపళ్లు, పురుగులు తెచ్చి నోట్లో పెడుతున్నాయట. ఒక్క నెలే, అవి ఎగిరిపోతే నేను ఎక్కడ నడవమంటే అక్కడ నడుస్తాను అన్నారు. పెళ్లయ్యాక ఆయన నన్ను ఏదైనా అడగడం అదే మొదలు.

అబ్రహాముగారికి జాలి వేసిందో, తీర్పు చెప్పడానికి బెదిరారో, మర్నాడు ఆయనే ఒక దారి చెప్పి పంపారు. ప్రదక్షిణమంటే చెట్టుని కుడిచేతి వైపు ఉంచుకుని తిరిగేది. కాబట్టి మేష్టారు ఎడమచేతి వైపు ఉంచుకుని తిరగాలి. అప్పుడు ఎవరూ అపార్థం చేసుకోరు. మా ఇద్దరికీ అది బ్రహ్మాండంగా తోచింది.

మర్నాడు పొద్దున ఎడమవైపు బయలుదేరారు. వెనకాల వచ్చే ఆడవాళ్లకి ఆ సంగతి తెలియదు కదా. వాళ్లు కుడివైపు తిరుగుతూ ఎదురొచ్చారు. కొందరు ఆయన్ని చూసి వెనక్కి మళ్లారు, ఆయన్ని ఇంకా చూడనివాళ్లు వెనకనుంచి వచ్చి వాళ్లని గుద్దుకున్నారు. చంకలో పిల్లలు ఏడుపు. కంసాలి పిట్టలు రెండూ లేచిపోయి పక్క చెట్టు మీద కూర్చున్నాయట. ముసలయ్య గేటు దగ్గర నిలబడి, ఎటు తిరగాలో బోర్డు మీద రాయించమని నేను ముందే చెప్పానండి అన్నాడట. వాడు ఎవరికి చెప్పాడో వాడికే తెలియాలి.

ఆ మధ్యాహ్నం మరిడమ్మ గంప లేకుండా వచ్చింది. గుమ్మం ఎక్కలేదు, కన్నీళ్లు పెట్టుకుంది.

"అమ్మగారండీ, మావల్ల ఏం తప్పు జరిగిందో చెప్పండి. పీనుగ చుట్టూ తిరిగినట్టు ఎదురు తిరుగుతున్నారేంటండి మేష్టారు? నా మనవడు నిన్ననే కదండీ కళ్లు తెరిచాడు."

అది దండం పెడుతుంటే నేను దాని చేతులు పట్టుకుని దించాను. కుడివైపు తిరిగితే మావాళ్లకి విగ్రహారాధన, ఎడమవైపు తిరిగితే వాళ్లకి చావు. మా ఆయనకి సంగతి చెప్పాను. ఆయన రాత్రి భోజనం చేస్తూ ఆలోచించి, మర్నాటినుంచి సగం చుట్టు ఇటు, సగం చుట్టు అటు తిరగడం మొదలుపెట్టారు. దాంతో మేష్టారికి మతి చలించిందని మా సంఘంవాళ్లూ, జాలరిపేటవాళ్లూ ఒక్కమాట మీదికొచ్చారు.

ఈస్టరు ముందటి శనివారం అబ్రహాముగారు తానే వచ్చి కళ్లారా చూస్తానని కబురు పంపారు. ఆ తెల్లవారుజామున మా ఆయన చెంబు తీసుకుని బయలుదేరుతుంటే, నేనూ వస్తానన్నాను. ఎక్కడికి అన్నారు. ఎక్కడికీ లేదు, మీరు వెళ్లే చోటికే అన్నాను.

నేను వేసుకున్న లెక్క ఇది. మొగుడూ పెళ్లాలు పక్కపక్కన నడుస్తూ కూరా నారా గురించి పోట్లాడుకుంటుంటే దాన్ని ప్రదక్షిణమని ఏ మతంవాళ్లూ అనలేరు. కాని ఆ రోజుల్లో ఆడది మొగుడి పక్కన నడిచిందా? గుడికి కూడా నేను ఆయనకి నాలుగు బారలు వెనకే వెళ్లేదాన్ని. గేటు దాటాం. రాతిబల్ల మీద అబ్రహాముగారు గొడుగు మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నారు. జాలరి ఆడవాళ్లు కంచెవారగా నిలబడ్డారు. నేను చెంగు నడుముకి దోపుకుని ఆయన పక్కకి చేరాను.

"నిన్న పులుసులో ఉప్పు లేదన్నారేం?" అన్నాను గట్టిగా.

"నేనెప్పుడన్నాను?" అన్నారు ఆయన, నిజంగానే తెల్లబోయి.

"అనలేదు. మొహం అలా పెట్టారు."

ఒక చుట్టు పులుసు మీద నడిచింది. ఇంకొకటి పెంకులు నేయించని ఇంటికప్పు మీద. నేను అరవడం, ఆయన ఊఁ కొట్టడం. కంచె దగ్గర ఆడవాళ్లు ముసిముసిగా నవ్వడం నాకు వినపడుతూనే ఉంది. ఇక ఏం పోట్లాడాలా అని తల దించుకుని వెతుక్కుంటుంటే, కంకర మీద ఆయన కాలి గుర్తు కనపడింది. తడిగా, ఎర్రగా. ఆయన కుడికాలు కొద్దిగా ఈడుస్తున్నారు. ఆగి, పాదం ఎత్తమన్నాను. అరికాల్లో కోసుకున్న గాయం. నిన్నటిది కాదు, మొన్నటిది కాదు.

"చెప్పులు విడిచి నడవమని డాక్టరు చెప్పారా?" అన్నాను.

ఆయన పాదం కిందికి దించేశారు.

"విడవద్దన్నారా?"

"విడవద్దనే అన్నారు. ఈ జబ్బులో కాలికి దెబ్బ తగిలితే మానదన్నారు."

"మరి?"

"చెప్పులు కంకర మీద చప్పుడవుతాయి సంపూర్ణం. పిట్ట లేచిపోతుంది."

అప్పుడు వచ్చింది నాకు అసలు కోపం. ఇక నా కంటికి అబ్రహాముగారు లేరు, ఆడవాళ్లు లేరు, తోట లేదు. పిట్ట ఇల్లు నిలబెట్టడానికి కాలు పోగొట్టుకుంటారా, మరి నా ఇల్లో అన్నాను. మీకేమైనా అయితే నెల తిరక్కుండా ఆ పెంకుటింట్లోకి ఇంకో మేష్టారు వస్తారు, నేను ఏ చెట్టు కింద కూర్చోవాలి అన్నాను. నాకు పుట్టిల్లుందా, కడుపున పుట్టినవాళ్లున్నారా అన్నాను. ఏడుస్తూ, అరుస్తూ, ఆయన్ని వదలకుండా పక్కనే నడుస్తూ అన్నాను. ఏ చేతివైపు తిరిగామో ఇప్పటికీ చెప్పలేను.

ఆయన అంతా విన్నారు. ఎప్పుడూ ఆగే చోటికి వచ్చేసరికి ఆగి, తల ఎత్తకుండా, "ఈసారైనా ఎగిరేదాకా చూద్దామని" అన్నారు.

అంతే అన్నారు.  పైన టంగుటంగుమని మొదలైంది.

కొంతసేపటికి చూస్తే అబ్రహాముగారు బల్ల మీద లేరు. చెట్టు కిందికి వచ్చి, చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని పైకి వెతుకుతున్నారు. చాలాసేపు వెతికారు. దొరికినట్టుంది, తల పంకించారు. మా వైపు రాకుండా, చెట్టుని సగం చుట్టి గేటు వైపు వెళ్లిపోయారు. అబ్రహాముగారు కూడా అమ్మవారికి దండం పెట్టుకున్నారని ఆ సాయంత్రమే జాలరిపేటలో చెప్పుకున్నారని మరిడమ్మ తరవాత అంది. నేను ఔననలేదు, కాదనలేదు.

మర్నాడు ఈస్టరు. రొట్టె పళ్లెం వరస తప్పకుండా మా ఆయన దగ్గరికి వచ్చింది. గుమ్మం దగ్గర అబ్రహాముగారు ఆయన భుజం మీద చెయ్యి వేసి, "చెప్పులు వేసుకోండి మేష్టారూ" అన్నారు. ఆ తరవాత ఎన్నడూ ఆ ప్రస్తావన తేలేదు.

మరిడమ్మ మనవడు లేచి తిరిగాడు. జ్వరం దానంతటదే తగ్గిందని నేనంటాను, దాని లెక్క దానిది. తొర్ర ఒకరోజు ఖాళీగా కనపడింది. పిల్లలు ఎగిరాయో, కాకి ఎత్తుకుపోయిందో ఎవరూ చూడలేదు. ఎగిరాయి అన్నారు ఆయన. ఎగిరాయి అన్నాను నేనూ. మేం నడక మానలేదు. కొంతకాలం పులుసు గురించి పోట్లాడాం, తరవాత తరవాత పోయిన పిల్లల పేర్లు పెట్టి మాట్లాడుకున్నాం. ఆ గాయం మానింది. చాలా ఏళ్లకి ఇంకో గాయం మానలేదు.

పెంకుటింట్లోకి ఇంకో మేష్టారు వచ్చారు. నేను ఆడపిల్లల బడిలో వంట చేస్తూ ఆ వెనకే ఉంటున్నాను. తెల్లవారుజామున మట్టుకు తోటకి పోతాను. వేపచెట్టుకి ఆ ఎండుకొమ్మ విరిగిపోయింది, ఈ ఏడు ఇంకో కొమ్మకి తొర్ర పడింది. చెప్పులు గేటు దగ్గరే విడుస్తాను, చప్పుడవుతుంది కదా. చెంబుతో నీళ్లు ఆయన అలవాటు, నాకు అబ్బింది. మాట్లాడటానికి పక్కన ఎవరూ లేరు కనక నోరు మూసుకునే తిరుగుతాను. నా వెనకాల ఒకరిద్దరు ఆడవాళ్లు నడుస్తుంటారు.

మొన్న మా సంఘానికి బోధ చెప్పడానికి కొత్తగా వచ్చిన ఉపదేశి, కుర్రాడు, గేటు దగ్గర నన్ను ఆపాడు. చెట్టు చుట్టూ తిరుగుతున్నారా అమ్మా అన్నాడు. అవును బాబూ అన్నాను. చెప్పులు విడిచా అన్నాడు. అవునన్నాను. నీళ్లు పోస్తున్నారా, ఆగి పైకి చూస్తున్నారా అన్నాడు. అన్నిటికీ అవుననే చెప్పవలసి వచ్చింది. ప్రదక్షిణమా అన్నాడు. కాదు అని నోటిదాకా వచ్చింది, బయటికి రాలేదు.

ఎవరి చుట్టూ తిరుగుతున్నానో మాత్రం ఆ అబ్బాయి అడగలేదు.